ముప్పై ఎనిమిది సార్లు పాసైనవాడు

మా డైరెక్టర్ శ్రీనివాస్ రావు గారి పదకొండు నిమిషాల ప్రసంగాన్ని నేను తక్కువలో తక్కువ నలభై సార్లు విని ఉంటాను. అందులో పనికొచ్చే మాట ఒక్కటి లేదు. "భద్రత మన సంస్కృతి" అని ఇంగ్లీషులో అంటాడు, నీళ్లు తాగుతాడు, గొంతు సవరించుకుంటాడు, మళ్లీ అదే మాట అంటాడు. ప్రయోగశాలల్లో జాగ్రత్తల గురించి మానేరు యూనివర్సిటీ ఉద్యోగుల కోసం నేను తయారు చేసిన ఆన్‌లైన్ కోర్సు ఈ ప్రసంగంతోనే మొదలవుతుంది. ఎవరూ దాటేసి ముందుకు పోవడానికి వీల్లేకుండా పెట్టమన్నాడు. పెట్టాను. ఆ రోజు మొదలైన అసహ్యం ఇవాళ్టికీ తగ్గలేదు.

నా పేరు సునంద, మాది కోరుట్ల. మా యూనివర్సిటీకి మూడు క్యాంపస్‌లు. ఆఫీసు జగిత్యాలలో ఉంటుంది. కోరుట్లలో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేదాన్ని. బట్టలకు రంగులద్దడం నేర్పే క్యాంపస్ సిరిసిల్లలో ఉంది. రెండేళ్ల కిందట స్టాఫ్ ట్రైనింగ్ సెల్ అని ఒకటి పెట్టి, కంప్యూటర్ పని బాగా వచ్చునని నన్ను జగిత్యాలకు వేశారు. పని వచ్చునని నలుగురిలో చెప్పుకోకూడదని అప్పుడు తెలిసింది.

మొదటి కోర్సు కోసం సిరిసిల్ల అద్దకం ల్యాబుకు వెళ్లాను. యాసిడ్లు, కాస్టిక్ సోడా, మరిగే రంగునీళ్ల తొట్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఆ ల్యాబులో అటెండరు దస్తగిర్. యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి సిరిసిల్ల డైయింగ్ యూనిట్లలో పని చేసి, పంతొమ్మిదేళ్ల కింద యూనివర్సిటీకి వచ్చాడు. అదీ మా ఉద్యోగిగా కాదు, మనుషులను సరఫరా చేసే ఒక ఏజెన్సీ తరఫున. ఏటా మార్చిలో ఆయన పేరు మళ్లీ రాయాలి, రాయకపోతే పని పోయినట్టే. వీడియోల్లో పని చేసి చూపించడానికి ప్రొఫెసర్లను అడిగితే ఒక్కరూ రాలేదు. దస్తగిర్ వచ్చాడు.

"మొగం వద్దు మేడం, సేతులు తీయిన్రి సాలు" అన్నాడు సిగ్గుపడుతూ. చేతులే తీశాను. వేళ్ల గోళ్ల కింద ఏ సబ్బుకూ పోని నీలి రంగు. సీసా మూత ఎట్లా తీయాలి, ముఖం ఎటు తిప్పుకోవాలి, కింద ఒలికితే ఏం చేయాలి, అన్నీ చేసి చూపించాడు.

"నీళ్లల్ల యాసిడ్ పొయ్యాలె మేడం. యాసిడ్ల నీళ్లు పోస్తె మీదికి ఎగురుతది. ఎగిరిందనుకో, నల్ల ఇప్పి నీళ్ల కింద ఇరువై నిమిషాలు పెట్టాలె. గీ రెండు ముచ్చట్లు యాదికుంటె సాలు, కన్నుకు కన్ను ఉంటది, తోలుకు తోలు ఉంటది."

ఆ మాటలు అట్లాగే ఉంచి తెలుగులో కోర్సు తయారు చేశాను. డైరెక్టర్ గారు రెండు నిమిషాలు చూసి మొహం ముడుచుకున్నాడు.

"తెలుగుల ఏంది మేడం? రేపు ఇన్‌స్పెక్షన్ టీం వస్తది. దీన్ని చూసి యూనివర్సిటీ అనుకుంటరా, అంగన్‌వాడి అనుకుంటరా?"

దస్తగిర్ గొంతు తీసేసి ఇంగ్లీషు గొంతు పెట్టాను. చేతులు మాత్రం ఆయనవే మిగిలాయి. చివర్లో పరీక్షకు మాత్రం మొండికేసి, ప్రతి ప్రశ్నకూ బొమ్మలు పెట్టాను. ఇంగ్లీషు రానివాళ్లు కూడా బొమ్మ చూసి జవాబు నొక్కగలగాలని నా ఆశ. అయితే కోర్సులోకి వెళ్లాలంటే ఉద్యోగి నంబరు ఉండాలి. ఏజెన్సీ మనుషులకు ఆ నంబరు ఉండదు. అంటే యాసిడ్ సీసాలు రోజూ ఎత్తి దించేవాళ్లు చూడలేరు, వాటి ముఖం చూడనివాళ్లు చూడొచ్చు. ఇంత తెలివైన ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

నెల గడిచినా ఒక్క అధ్యాపకుడూ కోర్సు తెరవలేదు. సర్టిఫికెట్ లేనివాళ్ల ప్రమోషన్ ఫైలు కదలదని సర్క్యులర్ వెళ్లింది. అంతే, సిరిసిల్లలో పాసవడం మొదలైంది. రోజుకు ఇద్దరు చొప్పున, ఆదివారాలు వదిలేసి పంతొమ్మిది రోజుల్లో ముప్పై ఎనిమిది మందికి ముప్పై ఎనిమిది మంది. అందరికీ నూటికి నూరు. జగిత్యాల వాళ్లకు, కోరుట్ల వాళ్లకు ఆ భాగ్యం పట్టలేదు. నాకు అనుమానం వచ్చి కంప్యూటర్ రికార్డు తీసి చూశాను. అందరూ ఒకే కంప్యూటర్ మీద, మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్యే పాసయ్యారు. అది అద్దకం ల్యాబు స్టోర్‌రూంలోని కంప్యూటర్.

మర్నాడే వేములవాడ మీదుగా పోయే బస్సెక్కి సిరిసిల్లలో దిగాను. దస్తగిర్ టిఫిన్ మూత పెట్టి, సొరుగులోంచి రంగుల నమూనా అట్ట ఒకటి తీశాడు. దాని వెనక వరుసగా ముప్పై ఎనిమిది పేర్లు, పక్కన పాస్‌వర్డులు. సగం పాస్‌వర్డులు వాళ్ల పిల్లల పేర్లే.

"సార్లే ఇచ్చిండ్రు మేడం. ఫస్టు మహిపాల్ సార్ ఇచ్చిండు, ఆయన జూసి అందరు ఇచ్చిండ్రు. కాదంటె ఎట్ల? మార్చిల నా పేరు రాసేది గాళ్లే."

"నీకు ఇంగ్లీషు రాదు కదా భాయ్, పరీక్ష ఎట్ల రాసినవ్?"

"బొమ్మలున్నయి కదా మేడం. ఆ సేతులు నావే కదా" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి మెల్లగా అడిగాడు. "ముప్పై ఎనిమిది అయినయి. ముప్పై తొమ్మిదోది నా పేరు మీద పెట్టరాదుండ్రి? సర్టిఫికెట్ ఉంటె మార్చిల అడుక్కునుడు తప్పుతది."

ఆ మాట డైరెక్టర్ గారి చెవిన వేశాను. పాస్‌వర్డుల సంగతి చెప్పకుండా, అటెండర్లకు కూడా కోర్సు ఇద్దామని మాత్రం అన్నాను.

"మీకు సమజ్ అయితలేదు మేడం. ఔట్‌సోర్సింగోళ్లు మన స్టాఫ్ కాదు. ఇయాల సర్టిఫికెట్ ఇస్తె, రేపు దాన్ని పట్టుకొని పర్మినెంట్ చెయ్యమంటరు."

నేను ఇంకో మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం కూడా చెప్పేస్తాను, పాస్‌వర్డుల సంగతి బయటపడితే నా కోర్సుకు వచ్చే పేరు పోతుంది. వారం తిరగకుండా ఇన్‌స్పెక్షన్ టీం వచ్చింది. 'సిరిసిల్ల క్యాంపస్‌లో నూరు శాతం శిక్షణ' అని రాసుకుని మెచ్చుకుని పోయింది. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, శాలువా కప్పారు. జిల్లా పేజీలో ఫోటో పడింది. ఆ ఫోటోలో నేను పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతూ ఉన్నాను.

ఫిబ్రవరిలో ఆ ల్యాబులో ప్రమాదం జరిగింది. డాక్టర్ మహిపాల్, అంటే మొట్టమొదట పాస్‌వర్డ్ ఇచ్చిన అద్దకం ప్రొఫెసరు, పిల్లల ముందు తానే యాసిడ్ కలుపుతూ యాసిడ్‌లో నీళ్లు పోశాడు. కుతకుత ఉడికి పైకి ఎగిరి పక్కన నిలబడ్డ వర్షిత చేతి మీద పడింది. రెండో సంవత్సరం చదివే అమ్మాయి, ముస్తాబాద్ పిల్ల. మహిపాల్ గుమ్మం బయటికి పరుగెత్తాడు. దస్తగిర్ ఆ పిల్ల మోచేయి పట్టుకుని నల్లా కింద పెట్టి, ఆమె ఎంత ఏడ్చినా ఇరవై నిమిషాలు వదల్లేదు. ఆయన గనక అట్లా పట్టుకోకపోతే చెయ్యి పనికిరాకుండా పోయేదని డాక్టరే చెప్పాడట.

విచారణ కమిటీ వేశారు. దానికి డైరెక్టర్ గారే పెద్ద. కోర్సు రికార్డులు నా దగ్గర ఉంటాయి కాబట్టి నన్నూ కూర్చోబెట్టారు. జగిత్యాల మీటింగ్ హాల్లో చాయ, ఉస్మానియా బిస్కెట్లు. మహిపాల్ చాయలో బిస్కెట్ ముంచి తింటున్నాడు.

"మహిపాల్ సార్ ట్రైన్డ్ మనిషి. నూటికి నూరు. రికార్డ్ ఉన్నది" అన్నాడు డైరెక్టర్. "గా రూంల ట్రైనింగ్ లేనోడు ఒక్కడే. యాసిడ్ సీసా అందిచ్చింది కూడా వాడే."

వర్షిత రాసిచ్చిన కాగితం చదివారు. 'ఎవరు పోశారో నాకు గుర్తు లేదు' అని ఉంది. అంతకుముందు రోజే నేను ముస్తాబాద్ వెళ్లి ఆ పిల్లను చూసి వచ్చాను. చేతికి కట్టు, కళ్లలో భయం. "ఇంటర్నల్ మార్కులు మహిపాల్ సార్ సేతుల ఉన్నయి మేడం. మా బాపు గట్ల రాయమన్నడు" అంది. పంతొమ్మిదేళ్ల పిల్ల మీద కోప్పడటానికి నాకు నోరు రాలేదు. నా వయసు నలభై ఆరు, నేను మాత్రం ఏం వెలగబెట్టాను?

"శిక్షణ లేని వ్యక్తి నిర్లక్ష్యం, అందువల్ల తొలగింపు" అని డైరెక్టర్ చెబుతుంటే గుమాస్తా రాసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సంచీలోంచి కంప్యూటర్ రికార్డు తీసి టేబుల్ మధ్యలో పెట్టాను.

"సార్, ఈ యూనివర్సిటీల ట్రైనింగ్ ఉన్నది గా ఒక్కనికే. ముప్పై ఎనిమిది మంది పేరు మీద కోర్సు చూసింది దస్తగిర్. పరీక్ష రాసింది దస్తగిర్. మహిపాల్ సార్‌కు వచ్చిన నూరు మార్కులు కూడా దస్తగిర్‌వే. యాసిడ్ల నీళ్లు పొయ్యొద్దన్న ముచ్చట మహిపాల్ సార్ ఒక్కసారి కూడా సూడలే."

గుమాస్తా రాయడం ఆపాడు. ఆ నిమిషం నాకెంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను. గెలిచాననుకున్నాను. దస్తగిర్‌ను కాపాడాననుకున్నాను. నా అంత మూర్ఖురాలు ఉంటుందా?

డైరెక్టర్ గారు కళ్లద్దాలు పెట్టుకుని కాగితాన్ని పై నుంచి కింది దాకా చదివాడు.

"అంటే ముప్పై ఎనిమిది మంది పాస్‌వర్డులు వాని దగ్గర ఉన్నయన్నట్టు. ఏం మహిపాల్, నువ్విచ్చినవా?"

మహిపాల్ మూతి తుడుచుకున్నాడు. "నేనెందుకిస్త సార్? టేబుల్ మీద రాసి పెట్టుకున్న. వాడే చూసిండు కావచ్చు."

మూడు రోజుల్లో ముప్పై ఎనిమిది ఉత్తరాలు వచ్చాయి. అన్నిట్లోనూ ఒకే వాక్యం, 'నా అనుమతి లేకుండా నా పాస్‌వర్డ్ వాడబడినది' అని. ఇందులోనైనా తమ మాట తాము రాసుకోలేదు, ఒకరు రాస్తే మిగతావాళ్లు సంతకం పెట్టారు. అయితే సర్టిఫికెట్లు రద్దు చేస్తారా అని అడిగాను.

"అవి రద్దు చేస్తె మల్ల టీంకు ఏం సూపెడ్తం? అవి అట్లనే ఉండనియ్యిన్రి" అన్నాడు డైరెక్టర్.

తొలగింపు ఉత్తర్వు ఇంగ్లీషులో రాశారు. అద్దకం ల్యాబు అటెండరు దస్తగిర్ అధ్యాపకుల పాస్‌వర్డులు దొంగిలించి, వాళ్ల పేరుతో పరీక్షలు రాసి, యూనివర్సిటీని మోసం చేశాడు అని దాని సారాంశం. మీరు ఇంగ్లీషు మేడం కదా, ఒకసారి దిద్దమని నా టేబుల్ మీద పెట్టి పోయారు. దిద్దాను. నాలుగు చోట్ల తప్పులుంటే నాలుగూ సరిచేసి పంపాను. ఎందుకు దిద్దావని అడిగితే, నా ఉద్యోగం కూడా అక్కడే ఉంది కాబట్టి. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

ఉత్తర్వు అందిన మర్నాడు పొద్దున్నే సిరిసిల్ల వెళ్లాను. దస్తగిర్ ల్యాబు తాళాలు అప్పజెప్పడానికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తీసుకునేవాళ్లు ఎవరూ రాలేదట. లోపల ప్రొఫెసర్ల కార్లన్నీ ఉన్నాయి. నేనే తీసుకున్నాను.

"మంచి చేద్దామనుకున్న భాయ్. ఇట్ల తిప్పుతరనుకోలే" అన్నాను.

"నాకెరుకే మేడం. మీరొక్కలన్న మాట్లాడిండ్రు."

ఇప్పుడేం చేస్తావని అడిగాను. బీవై నగర్‌లో తెలిసిన డైయింగ్ యూనిట్‌కు నిన్న సాయంత్రమే పోయానని చెప్పాడు. వాళ్ల దగ్గరికి ఈ ఉత్తర్వు ముచ్చట అప్పటికే చేరిందట.

ఆయన గొంతులో కోపం లేదు. నాకు లెక్క అర్థం కాలేదేమో, విడమర్చి చెప్పాలి అన్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"మీరు గా కాయిదం తియ్యకముందు నేను ట్రైనింగ్ లేనోన్ని మేడం. గట్ల తీసేస్తె సిరిసిల్లల ఏడనన్న పని దొరుకుతుండె, నా పని అందరు సూసిండ్రు. గిప్పుడు దొంగనైన. దొంగకు ఎవలిస్తరు?"