పెడమొహం పెట్టిన రాజు

పిల్లలూ, పాత వెండి నాణెం మీద రాజు ఎటు చూస్తుంటాడు? పక్కకి. ఎందుకు పక్కకి? ముక్కూ గడ్డమూ అలాగైతేనే చెక్కేవాడి చేతికి బాగా కుదురుతాయి. అది గుర్తుపెట్టుకుని వినండి.

మన బిద్గోష్చ్ ఊళ్ళో ఆదివారం ప్రార్థన అయ్యాక, నాణేలు పోగుచేసేవాళ్ళు ఫైర్ స్టేషన్ హాల్లో చేరతారు కదా. నిమ్మచెక్క వేసిన టీ, గసగసాల కేకు, మఖమల్ పరిచిన పళ్ళేలు, ఎవరి భూతద్దం వాళ్ళది. ఏది అసలో ఏది నకిలీయో తేల్చి చెప్పే పెద్దమనిషి అప్పట్లో జెనోన్ గారు.

ఒక ఆదివారం ఒతీలియా గారు మెడలోంచి తాలెర్ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. నాలుగు వందల ఏళ్ళ నాటి పెద్ద వెండి నాణెం. చంటిపిల్లల మెడలో కట్టడానికి ఎవరో ఎప్పుడో దానికి బెజ్జం పొడిచారు. యుద్ధం రోజుల్లో ఆమె తండ్రి దాన్ని కోటు లోపల కుట్టి దాచాడు. ఇంట్లో రొట్టె లేకపోయినా దాన్ని అమ్ముకోలేదు.

చూడగానే జెనోన్ గారికి అది అసలుదని తెలిసిపోయింది. ఆ ఏడాది ముద్ర పడిన తాలెర్‌ని ఆయన పుస్తకాల్లో బొమ్మగా తప్ప చూడలేదు. పైకి మాత్రం భూతద్దం పక్కన పడేసి, "పోతపోసిన నకిలీ అమ్మా. మీ నాన్నగారికి ఎవరో బాగా టోపీ పెట్టారు," అన్నాడు. హాలంతా నవ్వింది.

"తగరపు ముక్క కోసమా మా అమ్మ పస్తులుంది?" అంది ఒతీలియా గారు. దాన్ని మళ్ళీ మెడలో వేసుకోలేకపోయింది. "పోనీ, ముచ్చటకి నా దగ్గర ఉంచుతాను," అని ఆయన రెండు మామూలు నాణేలు చేతిలో పెడితే, తాలెర్ ఆయనకే ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి తండ్రి ఫొటోని గోడ మీంచి దించి బీరువా వెనక్కి తోసేసింది.

జెనోన్ గారు ఎవరూ గుర్తుపట్టకుండా కంసాలి చేత ఆ బెజ్జం పూడ్పించి, నాణేన్ని ఈస్టర్ ప్రదర్శనలో అద్దాల పెట్టెలో పెట్టాడు. అందరూ మూగారు. రాజు పెడమొహం పెట్టి ఉన్నాడు. వెనక జుట్టూ కాలరు మడతలూ తప్ప ఏమీ కనపడలేదు.

"రాజు అటు తిరిగిపోయాడే! ఏం చేశావయ్యా జెనోన్?" అన్నాడు కోశాధికారి క్లెమెన్స్, కేకు నములుతూ.

జెనోన్ గారి చెవులు ఎర్రబడ్డాయి. పెట్టె మూసేశాడు.

మర్నాడే ఒతీలియా గారి వంటింట్లో కూర్చుని, గొంతు తగ్గించి అంతా చెప్పేశాడు. "అసలుదే అమ్మా. క్షమించండి," అని నాణెం బల్ల మీద పెట్టాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇంకా వీపే కనపడుతోంది జెనోన్ గారూ. మా నాన్నని వెర్రివాణ్ణి చేసింది హాలంతా వినేలా. ఒప్పుకునేది నా వంటింట్లోనా?"

ఆయన టోపీ తీసుకుని లేచాడు.

తర్వాతి ఆదివారం హాలు మధ్యలో టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఒతీలియా గారి నాన్న మోసపోలేదు. మోసం చేసింది నేను. తెలిసే అబద్ధమాడాను."

ఎవరూ నవ్వలేదు. కేకు కోసే కత్తి ఆగిపోయింది. ఒతీలియా గారు అరచెయ్యి విప్పి చూసుకుంది. ముందు రాజు ముక్కు కనపడింది, తర్వాత గడ్డం.

ఆ సాయంత్రమే ఫొటో గోడెక్కింది. జెనోన్ గారు మాత్రం హాల్లో నాణేలు తేల్చే బల్ల దగ్గర మళ్ళీ కూర్చోలేదు. తలుపు పక్కన, కోట్లు తగిలించే చోట కూర్చునే తాతగారిని మీరూ చూస్తుంటారుగా, ఆయనే. ఎవరైనా నాణెం చూపించబోతే, "నన్నడక్కు నాయనా," అని మొహం అటు తిప్పుకుంటాడు.

సరే, జరగండి. ఊరబెట్టే దోసకాయల జాడీల్లో ఉప్పునీళ్ళు ఇంకా పొయ్యనేలేదు నేను.