ఎదురు పురి

నూలు వడికే కదుళ్లన్నింటినీ చెక్కపలకకు అంటించేయమంది అక్క. కొక్కేలు వద్దు, మేకులు వద్దు. మళ్లీ ఎవరూ తీయడానికి వీలు లేకుండా జిగురుతోనే అంటించాలి.

"ఇకమీదట అవి గోడమీద బొమ్మలు. అంతే," అంది.

పక్షవాతం వచ్చి తగ్గాక ఆమె కుడిచేయి సగమే తిరిగి వచ్చింది. వేళ్లు ముడుచుకుంటాయి, కాని ఆమె అనుకున్నప్పుడు కాదు, వాటికి తోచినప్పుడు. ఎడమచేత్తో వడకబోయింది. ప్రతిసారీ పోగు విడిపోయి, కదురు నేలమీద పడింది. ఒకనాడు పడినదాన్ని తీయకుండానే లేచి వెళ్లిపోయింది. ఆ తరువాత వడకడం గురించి మాట్లాడటమే మానేసింది. తన బతుకులో సగాన్ని ఆమె ఈ గోడకు అప్పగిస్తోందని నాకూ తెలుసు, బావకూ తెలుసు. ఆమెతో ఆ మాట ఎవరు అనాలన్నదే తెలియలేదు.

బావ వడ్రంగి. చేతిపనుల గదిలో గోడ పొడవునా పలక బిగించి, ఒక మూల కూర్చుని జిగురు కలుపుతున్నాడు.

"ఒకసారి అంటుకుంటే చచ్చినా ఊడదు. ఇంకోసారి ఆలోచించుకో," అన్నాడు.

"ఫర్వాలేదు. ఇన్నేళ్లుగా మీతో నాకు అలవాటే కదా."

"విన్నావా మరదలా? జిగురు కలిపేవాడికి కూడా మర్యాద లేదీ ఇంట్లో!"

అక్క నవ్వలేదు. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చుంది.

నేను పెట్టె తెరిచాను. అక్క ఏళ్ల తరబడి కూడబెట్టిన కదుళ్లు అవి. కొన్ని కొన్నవి, కొన్ని అడిగి తెచ్చినవి, కొన్ని అడక్కుండా తెచ్చినవని బావ అంటాడు. వెదురువి, ఎముకవి, ఇత్తడివి. ఒకదానికి పగిలిన కుండపెంకునే గుండ్రంగా అరగదీసి బిళ్లగా పెట్టారు. అమ్మ కదురుకు కాల్చిన మట్టిబిళ్ల. కదురంటే ఒక పుల్ల, బరువుకు ఒక బిళ్ల. అంతకుమించి ఏమీ లేదు. అయినా లోకంలో బట్ట కట్టిన ప్రతి ఒళ్లూ ఎన్నో తరాలపాటు ఇలాంటి పుల్లకే రుణపడింది. ఇంత తక్కువలోంచి అంత ఎలా వచ్చిందో నాకు ఏనాడూ అంతుపట్టలేదు.

వడికేవాళ్లు కదురును ఉత్తిగా వదలరు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కొత్త దూది అందుకోవడానికి మూరెడు పాత పోగును దానిమీదే ఉంచుతారు. పెట్టెలోని ప్రతి కదురుమీదా అలాంటి పోగు ఉంది. ఏది ఎక్కడ నప్పుతుందో చూసుకోవాలి కనుక, గదికి అడ్డంగా ఒక తాడు కట్టి, ఒక్కొక్క కదురునూ దాని పోగుతోనే తాడుకు వేలాడదీశాను. పని సులువైందని మురిసిపోయాను కూడా.

కాసేపటికి అవి కదిలాయి.

ఫ్యాను ఆపి ఉంది. కిటికీ మూసి ఉంది. ముందు ఎముక కదురు, తరువాత వెదురుది, ఆపై ఒకదాని వెంట ఒకటి, నిద్రలో ఒత్తిగిల్లినట్టు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. చప్పుడు లేదు. బావ చేతిలో పుల్ల జిగురులోనే ఆగిపోయింది.

"గాలి కూడా లేదే!" అన్నాడు, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

ఆ పోగులను పేనినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల ముఖాలు నాకు తెలియవు. వాళ్ల వేళ్లు చివరిసారిగా ఇచ్చిన తిప్పు మాత్రం ఇన్నాళ్లూ పోగులో దాగి ఉండి, ఇప్పుడు నా కళ్లముందు వెనక్కి వస్తోంది. చేయి పోయాక కూడా చేత మిగులుతుందా?

"ఏమిటంత నిశ్శబ్దం?" అంటూ అక్క తల తిప్పి, అదిరిపడింది. "పోగుతోనా వేలాడదీశావు? బుద్ధుందా నీకు! పోగులో పురి విడిపోతోందే! మొత్తం విడిపోతే మిగిలేది దూదే. పడిపోతాయి, దించు!"

నేను ఒక చివరినుంచి, బావ మరో చివరినుంచి దించసాగాం. అక్క మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి, గది మధ్యలో నిలబడిపోయింది.

"అమ్మదేమిటి, అటు తిరుగుతోంది?"

నిజమే. మిగిలినవన్నీ ఒకవైపు తిరుగుతుంటే అమ్మ కదురు ఒక్కటే ఎదురు తిరుగుతోంది. ఇంతలో దాని పోగు ఒకచోట పలచబడింది. మట్టిబిళ్ల. పడితే ముక్కలే. అక్క ముందుకు దూకింది. ఎడమచేత్తో కదురును పట్టి, బొటనవేలితో చూపుడువేలితో చురుగ్గా తిప్పి వదిలింది. పోగు బిగిసింది. నిలిచింది.

అక్క తన ఎడమచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"అమ్మ ఎడమచేత్తో వడికేది," అంది చివరికి. "నేను ఆవిడకి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను. అద్దంలో చూసినట్టు చూసి, కుడిచేత్తో తిప్పాను."

"అన్నం తినేది కుడిచేత్తోనే కదా?" అన్నాను.

"రాసేది కూడా. అందుకే ఎవరికీ తట్టలేదు. నా కదురుమీద ఉన్నది కుడిచేతి పురి. ఎడమచెయ్యి తిప్పేది దానికి ఎదురువైపు. ఆ పోగునే పట్టుకుని అలా తిప్పితే విడిపోక ఏం చేస్తుంది? తప్పు పోగుదైతే ఇన్నాళ్లూ చేతిని తిట్టాను."

"నన్ను తిట్టలేదు, అదే పదివేలు," అన్నాడు బావ.

"మిమ్మల్నీ తిట్టాను. మీకు వినపడలేదు."

ఈసారి నవ్వింది.

బుట్టలోంచి ఒక దూది ఏకు తీసి నా చేతికిచ్చింది. అమ్మ పోగు కొసను ఆ దూదికి ఆనించి, తిప్పింది. నేను ఆమెకు కుడిచేయినయ్యాను.

"అంత గట్టిగా పట్టుకోకే! పిల్లిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. ఆ... వదులు. ఇంకా వదులు."

నా వేళ్ల మధ్యనుంచి దూది జారింది. జారుతూ జారుతూనే పోగైంది. ఎక్కడ దూది ఆగి ఎక్కడ పోగు మొదలైందో కళ్లు చిట్లించి చూశాను. కనబడలేదు. అమ్మ పేనిన మూరెడు ఎక్కడ ముగిసిందో కూడా కనబడలేదు.

"మరి దీన్నేం చెయ్యను? గట్టిపడిపోతోంది," అన్నాడు బావ డబ్బా ఎత్తి చూపిస్తూ.

అక్క కదురుమీదినుంచి చూపు తిప్పలేదు.

"కొక్కేలు తెండి," అంది.