గఫూర్‌కు ఇవ్వాల్సిన కొమ్మ

ఈశ్వరమ్మకు దేవుడి మీద నమ్మకం ఉండేదో లేదో ముప్పైరెండేళ్ల కాపురంలో ఆదినారాయణకు తేలలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఇల్లంతా తిప్పే వేళకు ఆమె మెల్లగా లేచి పెరట్లోకి పోయేది. పొగ విడిపోయాక వచ్చి హారతి మాత్రం కళ్లకద్దుకునేది. దేవుడొచ్చే వేళకు నువ్వు పోతావేందని ఆయన ఎత్తిపొడిస్తే, "మీరిద్దరూ మాట్లాడుకుంటాంటారు, నడమ నేనెందుకు?" అని నవ్వేది. అది ఎగతాళో, అలకో ఆయనకు అంతుచిక్కలేదు. ఆమె పోయి నాలుగేళ్లయినా ఆ సందేహం మాత్రం పోలేదు.

ప్రొద్దుటూరులోని ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన కాక ప్రాణమున్నది ఒక్కటే. హాల్లో, దేవుడి గూటి పక్కనే, మూడడుగుల గాజు తొట్టిలో ఉప్పునీళ్లు. అందులో ఒక పగడం. ఉంగరాల్లో పొదిగే రాయిలాంటిది కాదు. మెత్తని ఒళ్లు, చేతివేళ్లలాంటి కొమ్మలు, కొమ్మ నిండా నువ్వుగింజంత పూలు. ఈశ్వరమ్మ ఆయాసంతో గడప దాటలేని రోజుల్లో, ఒక్కసారైనా సముద్రం చూడలేదే అని ఆమె అంటే, ఆయన ఆ పాత తొట్టి కొనుక్కొచ్చాడు. జమ్మలమడుగులో మోటార్లకు వైండింగ్ చేసే గఫూర్‌కు ఇలాంటి తొట్లంటే పిచ్చి. తనే వచ్చి నీళ్లు కలిపి, తన పగడం నుంచి ఒక కొమ్మ కోసి నాటిపోయాడు.

"దీనికి దుడ్లు తీసుకునేది లేదక్కా. పెరిగినాక నాకొక కొమ్మ ఇయ్యి చాలు. నా కాడ చచ్చినా నీ కాడ ఉంటాదని ధైర్యం" అన్నాడు.

మరుసటి వేసవిలో జమ్మలమడుగులో గాలివానకు కరెంటు స్తంభాలు పడి మూడు దినాలు కరెంటు లేక గఫూర్ తొట్టిలో ఒక్కటీ మిగల్లేదు. ఆ కబురు వచ్చేసరికి ఈశ్వరమ్మ ఆస్పత్రిలో ఉంది. గఫూర్ కొమ్మ మరవొద్దని అక్కడి నుంచే రెండుసార్లు చెప్పింది. ఆమె పోయాక ఆదినారాయణకు ఏదీ చేతకాలేదు. ఏడాది గడిచాక ఫోన్ చేయడానికి సిగ్గేసింది. సిగ్గు ఏడాదికేడాది పెరిగింది.

ఈ శ్రావణంలో సాయంత్రాలు బొత్తిగా గడవక, శుక్రవారమే కాకుండా రోజూ సాంబ్రాణి వేయడం మొదలుపెట్టాడు. పొగ తిరుగుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. వినాయక చవితి నాటికి పగడం పూలు ముడుచుకుంది. కొమ్మలు వాలిపోయాయి. ఒంటి మీద తెల్లని పొర కట్టింది. ఆయన నీళ్లు మార్చాడు, లైటు మార్చాడు. ఆమె చెప్పిన ఒక్క మాటా ఇక తీరకుండా పోతుందని దిగులు పట్టుకుంది. నలభైయొక్క రోజులు రెండు పూటలా సాంబ్రాణి వేస్తానని స్వామికి మొక్కుకున్నాడు. మొక్కు సాగేకొద్దీ పగడం మరింత కుంచించుకుపోయింది.

పద్దెనిమిదో రోజు, నీళ్లలోని మురికిని నురగగా పైకి తీసే యంత్రం కప్పు కడగబోయాడు. ఎప్పుడూ నీచు వాసన కొట్టే కప్పు ఆ రోజు సాంబ్రాణి వాసన కొట్టింది. ఆ యంత్రం గాలి పీల్చే సన్నగొట్టం దేవుడి గూటి కిందే ఉంది. దాని మూతి లోపల నల్లగా మసి.

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసినవాడు. ఇంజన్ మొరాయిస్తే గాలి ఎక్కడి నుంచి పీలుస్తోందో ముందు చూడాలని ఎంతమందికి చెప్పాడో. గొట్టం మూతిని వేలితో తుడిచి, అంటిన మసిని చూశాడు. చివరి రోజుల్లో ఈశ్వరమ్మ పెరట్లోకి పోలేకపోయేది. ఆయన నిప్పులు తెచ్చినప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగేది. దేవుడి నుంచి ముఖం తిప్పుకుందని ఆయన అప్పట్లో నొచ్చుకున్నాడు. పొగ పడదని ఒక్క మాట చెప్పి ఉండకూడదా అని ఇప్పుడు అనుకున్నాడు. దేవుడి పనికి అడ్డం చెప్పే మనిషి కాదామె.

గఫూర్‌కు ఫోన్ చేశాడు.

"నాలుగేండ్లకు గుర్తొచ్చినానా మామా?"

"గుర్తు లేక కాదప్పా, మొకం చెల్లక."

"ఫోన్లో మొకం కనపడదులే. ఏమైందో చెప్పు."

అంతా విని గఫూర్ మొదట గొట్టం కిటికీ బయటికి పెట్టమన్నాడు. నీళ్లలో బొగ్గు పొట్లం వేయమని, వారానికి పావు వంతు నీళ్లు మార్చమని, పగడాన్ని మాత్రం ముట్టుకోవద్దని చెప్పాడు.

"మా అమ్మ లోబాన్ పొగ వాకిట్లో ఏస్తాది మామా, తొట్టి పెట్టినప్పటి నుంచి. దేవుడు వాకిట్లోకి రాడా ఏంది?"

ఆదినారాయణ మొక్కు ఆపేశాడు. తప్పని తోచలేదు, ఒప్పనీ తోచలేదు. దీపం ఒక్కటే పెట్టి కూర్చునేవాడు. మొదటి శుక్రవారం చేతులకు పని లేక ఏం చేయాలో తెలియలేదు. ఇల్లు మునుపటికంటే ఖాళీగా ఉంది.

పొగ ఆపిన ఇరవై రెండో నాడు తెల్లపొర పాము కుబుసంలా ఊడి నీళ్లలో తేలింది. ఇంకో రెండు దినాలకు ఒక కొమ్మ చివర పూలు విచ్చుకున్నాయి. "ఈశ్వరీ" అని పిలవబోయి నోరు మూసుకున్నాడు. తర్వాత గఫూర్‌కు ఫోన్ చేసి, తొట్టి నింపుకోమని మాత్రం చెప్పాడు. దాంట్లో వైరు చుట్టలు పెట్టుకున్నానని గఫూర్ నవ్వాడు. కానీ నింపాడు. కొత్త నీళ్లు కుదురుకోవడానికి నెలన్నర పట్టింది.

మాఘమాసంలో ఆదినారాయణ కొత్త బ్లేడుతో ఒక కొమ్మ కోసి, చిన్న రాయికి దారంతో కట్టాడు. అది రాయిని పట్టుకునేదాకా రెండు వారాలు ఆగాడు. అప్పుడు డబ్బాలో ఉప్పునీళ్లు పోసి, రాయిని అందులో ఉంచి, డబ్బాకు టవలు చుట్టి ఒళ్లో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. పక్క సీటు ఆమె "పచ్చడా, పెద్దాయనా?" అని అడిగింది. మా ఇంటామె ఇవ్వాల్సిందని చెప్పాడు.

గఫూర్ మోచేతి దాకా చెయ్యి ముంచి రాయిని ఇసుకలో కుదురుగా నిలబెట్టాడు. కొమ్మ ముడుచుకునే ఉంది.

"అక్క మాట చెల్లింది మామా" అన్నాడు, చెయ్యి తుడుచుకుంటూ.

ఆదినారాయణ తలూపాడు. ఉత్త డబ్బా తిరిగి ఇవ్వకూడదని గఫూర్ తల్లి అఖ్తర్ బీ అందులో రెండు గుప్పిళ్ల శనక్కాయలు పోసి తెచ్చింది.