వారానికి ఎన్ని రోజులు

ఆఫీసులో ఆయన కాక నలభై ఐదుగురు పనిచేసేవారు. నలభై ఐదుగురూ ఆయన్ని పెదనాన్న అనే పిలిచేవారు. పదేళ్ల క్రితం ఒక సెలవు రోజున తమ్ముడి కూతురు ఆయనతో పాటు ఆఫీసుకి వచ్చి, "పెదనాన్నా, నీళ్లు", "పెదనాన్నా, ఈ మిషనేంటి?" అంటూ పొద్దస్తమానం వెనకాలే తిరిగింది. మర్నాటికల్లా ఆ పిలుపు ఆఫీసంతా అంటుకుంది. మొదట్లో వెక్కిరింతకి అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు, ఆపైన ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

అది ఇన్సూరెన్సు క్లెయిములు పరిశీలించే కంపెనీ. పెదనాన్న చూసేది క్లెయిములు కాదు, ఆఫీసుని. తాళాలు, కుర్చీలు, ఏసీలు, మంచినీళ్ల క్యాన్లు, లిఫ్టు వాడితో గొడవలు, అన్నీ ఆయనవే. ఎనిమిదింటికి తలుపు తీసి ఏడింటికి వేసేవాడు. శని ఆదివారాలు ఆఫీసు లేకపోయినా, నేల కడిగేవాళ్లకో ఏసీ వాళ్లకో తలుపు తీయాలన్న వంకతో సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించాడు, తమ్ముడి పెళ్లి చేశాడు, ఆ సంసారంలోనే ఒక గదిలో ఇరవై ఏళ్లు గడిపాడు. ఏడాదిన్నర క్రితం మరదలికి ఊరి అటు చివరకి బదిలీ అయింది. వాళ్లు అక్కడే ఇల్లు కొనుక్కున్నారు. "మీరూ వచ్చేయండి బావగారూ" అని మరదలు మనస్ఫూర్తిగానే అంది. "ఆఫీసు మరీ దూరమైపోతుందమ్మా" అన్నాడు ఆయన. నిజమే, దూరమే. ఆ మాట అందరికీ సరిపోయింది. వాళ్లు వెళ్లాక ఆయన ఆఫీసుకి దగ్గర్లో రెండు గదుల వాటాలో దిగాడు. ఆ వాటాకి వెళ్లేది పడుకోవడానికే.

వాళ్లు వెళ్లిన ఏడాదికి, ఆఫీసున్న భవనాన్ని పడగొట్టి కొత్తది కడతామని యజమాని నోటీసు పంపాడు. నాలుగు నెలలు గడువు. మేనేజరు మేడమ్ ఆయన్ని పిలిపించింది. నలభై ఏళ్ల మనిషి, మాట ఖచ్చితం. మిగతా వాళ్లు పెదనాన్నా అంటే ఆవిడ ఒక "గారు" తగిలించేది.

"పెదనాన్నగారూ, చోటు వెతకడం, ప్లాను, బడ్జెట్టు అన్నీ మీరే చూడండి. మీకంటే ఎవరికి తెలుసు? ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు సగం పని ఇళ్ల నుంచే నడుస్తోంది. ఎవరెవరు వారానికి ఎన్ని రోజులు వస్తారో అడిగి, దాన్నిబట్టి సీట్లు వేయండి. ఖాళీ కుర్చీలకి అద్దె కట్టలేం."

ఆయన ఒక రూళ్ల పుస్తకం పట్టుకుని బల్ల బల్లకీ వెళ్లి అడిగాడు.

"ఒక్క రోజు పెదనాన్నా" అంది క్లెయిముల విభాగంలో కళ్లద్దాలావిడ. "ఆ ఒక్క రోజూ మీ మొహం చూడ్డానికే."

"రానూ పోనూ మూడు గంటలు. ఆ మూడు గంటలూ నిద్రపోతా. నాకూ ఒకటే" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు.

"మా ఆవిడ ఇంట్లో ఉండనిస్తే సున్నా వేసుకో" అన్నాడు అకౌంట్సు ఆయన. "ఉండనివ్వదులే. రెండు వేసుకో."

అందరితోనూ ఆయన నవ్వాడు. అందరివీ రాసుకున్నాడు. చివర తన పేరెదురుగా ఐదు వేసుకున్నాడు. ఐదు వేసినది ఆ పుస్తకంలో ఆయనొక్కడే. మొత్తం కూడితే రోజుకి పదహారు మంది తేలారు. కాస్త అటూ ఇటూ చూసుకున్నా ఇరవై కుర్చీలు చాలు.

బ్రోకరు ఆయనకి రెండు చోట్లు చూపించాడు. మొదటిది ఇరవై కుర్చీలు పట్టేది, రెండో అంతస్తులో. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ చేతికందుతుంది. భోజనాలకి వేరే గది లేదు. రెండోది వీధి మలుపులో, రెండు వైపులా కిటికీలతో, ముప్ఫై రెండు కుర్చీలు పట్టేది. వెనకాల ఒక పొడుగాటి గది ఉంది. ఆయన ఆ గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. పాత ఆఫీసులో ఒంటి గంటకి అందరూ డబ్బాలు తెచ్చుకుని పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ కొసన ఆయన కుర్చీ. ఒకళ్ల కూర ఒకళ్లకి వెళ్తుంది, ఎవరి అత్తగారి సంగతో ఎవరి పిల్లాడి మార్కులో నలుగుతాయి. ఆయన పెద్దగా ఏమీ మాట్లాడడు. రోజు మొత్తంలో ఆయన నలుగురితో కలిసి తినేది ఆ ఒక్క పూట.

బ్రోకరు బయట ఫోన్లో ఎవరితోనో బేరమాడుతున్నాడు. కొలతలు తీద్దామంటే టేపు అవతలి కొస పట్టుకునేవాళ్లు లేరు. సంచీ బరువు పెట్టి లాగితే సంచీతో సహా జరిగి వచ్చింది. చివరికి కొసని చెప్పుకాలితో తొక్కిపెట్టి, ఒక్కో ముక్క కొలుచుకుంటూ గోడ వెంట జరిగాడు. పాత బల్ల ఆ గదిలో పట్టడమే కాదు, చుట్టూ నడవడానికి చోటు కూడా మిగిలింది.

ఆ వారంలోనే ఆయన ఆ పని చేశాడు. ముప్ఫై మంది పేర్లెదురుగా అంకెలు మార్చాడు. ఒకటి మూడైంది, రెండు నాలుగైంది. ఎవరెవరివి మార్చాలో కూడా ఆలోచించాడు. ఎవరు లేకపోతే భోజనాల దగ్గర వెలితిగా ఉంటుందో వాళ్లవి ముందు మార్చాడు. రోజుకి ఇరవై ఎనిమిది మంది తేలారు. ఇక పెద్ద చోటు తప్పదు.

బడ్జెట్టు మాత్రం ముచ్చటగా వేశాడు. చెక్క అడ్డుగోడలు, వైరింగు, రంగులు, లారీలు, కూలీలు, ప్రతిదానికీ ముగ్గురు ముగ్గురి దగ్గర ధరలు తెచ్చాడు. అనుకోని ఖర్చులకని పదో వంతు పక్కన పెట్టాడు. అందులో తప్పు పట్టేవాడు పుట్టలేదు. మేడమ్ చూసి మెచ్చుకుంది. మెచ్చుకుని, ఎందుకైనా మంచిదని, ఎవరి రోజులు వాళ్లు సరిచూసుకోమని ఆ జాబితాని అందరికీ మెయిల్ పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆయన నీళ్ల క్యాను మారుస్తుండగా కళ్లద్దాలావిడ వచ్చింది.

"పెదనాన్నా, నాకు మూడు పడ్డాయి. నేను ఒకటే కదా చెప్పాను."

"అవునా? చూస్తానమ్మా."

ఆ వెనకే కుర్రాడు వచ్చాడు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు. ఎవరికీ కోపం లేదు, అనుమానం అంతకన్నా లేదు. "మీ కళ్లజోడు మార్చాలి పెదనాన్నా" అని ఒకరు, "వయసైపోతోంది, ఇక రిటైరైపోండి" అని ఇంకొకరు భుజం తట్టి వెళ్లారు. ఆయన నవ్వుతూ ఒక్కొక్కటే కొట్టేసి దిద్దుకుంటూ పోయాడు. మధ్యాహ్నం దాటేసరికి పుస్తకమంతా కొట్టివేతలే. ఒక్కరైనా తిట్టి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది.

నాలుగింటికి, జవాబుగా వచ్చిన మెయిళ్లన్నీ ముందు పెట్టుకుని మేడమ్ పిలిచింది.

"కూర్చోండి సార్."

ఇన్నేళ్లలో ఆవిడ ఆయన్ని సార్ అనడం అదే మొదటిసారి. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ముప్ఫై మందికి తప్పు పడింది" అంది ఆవిడ. "ముప్ఫై మందికీ రెండేసి రోజులు. ఒక్కరికైనా తగ్గలేదు, అందరికీ పెరిగాయి. ఇది చూపు మందగించి చేసిన పొరపాటు కాదు."

ఆయన బల్ల మీది పేపర్‌వెయిటుని కాస్త పక్కకి జరిపి పెట్టాడు.

"ఆ బ్రోకరు మీకేమైనా ఇస్తానన్నాడా?"

"అయ్యో, లేదమ్మా!" ఆయన లేచి నిలబడ్డాడు. "ఒక్క టీ నీళ్లు కూడా ముట్టలేదు అతని దగ్గర."

"మరి ఎందుకు చేశారు?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "వెనకాల పొడుగు గది ఉందమ్మా అక్కడ. మన బల్ల పడుతుంది. ఒంటి గంటకి... భోజనాలప్పుడు అందరూ ఉంటారు కదా."

"దానికోసమా?"

"దానికోసమే."

ఆవిడ బడ్జెట్టు కాగితం ఆయన వైపు తిప్పింది. "రెండు చోట్లకీ అద్దెలో తేడా, ఏడాదికి ఇద్దరి జీతం. వచ్చే ఏడాది ఆ డబ్బు నేనెక్కణ్ణించి తేవాలి? ఈ కాగితం మీద మీరు ఇద్దరి ఉద్యోగాలు కొట్టేశారు. ఎవరివో కూడా చూసుకోకుండా."

"ఆ లెక్క నాకు తట్టలేదమ్మా."

"మిగతావన్నీ తట్టాయి కదా."

వైరింగుకి ఎన్ని మీటర్ల తీగ కావాలో, లారీ ఎన్ని ట్రిప్పులు తిరగాలో ఆయన చెప్పగలడు. పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషి జీతం ఆ అంకెల్లో కలిసిపోయి ఉందని మాత్రం చూసుకోలేదు.

"మళ్లీ వేసి రేపు ఇవ్వండి" అంది మేడమ్, కాస్త గొంతు తగ్గించి. "ఈ మాట ఈ గది దాటదు."

ఆయన మళ్లీ వేశాడు, ఈసారి ఇరవై కుర్చీలకి. ఒక ఆదివారం సామాను కదిలింది. ఆయనే ప్రతి కుర్చీకీ నంబరు అంటించాడు, ప్రతి వైరుకీ దారం కట్టాడు, ఒక్క స్క్రూ తప్పిపోకుండా చూశాడు. మిగిలిన ఇరవై ఆరు కుర్చీల్నీ, భోజనాల బల్లనీ పాత సామాను కొనేవాడికి ఇచ్చేశారు. బల్ల మెట్ల మలుపు దగ్గర తిరగలేదు. దాన్ని లోపలికి ఎలా తెచ్చారో ఎవరికీ గుర్తు లేదు. కొనేవాడు రంపం తెప్పించి నడిమికి కోయించి పట్టుకుపోయాడు. ఆ పొట్టుని ఆయనే ఊడ్చాడు.

కొత్త ఆఫీసు బాగానే ఉందన్నారు అందరూ. చెప్పినన్ని రోజులు కూడా చాలామంది రాలేదు; సోమవారం పన్నెండు మంది, బుధవారం పదహారు మంది వచ్చేవారు. తినేటప్పుడు ఎవరి కంప్యూటరు ముందు వాళ్లు డబ్బా విప్పుకుని, చెవుల్లో ఏదో పెట్టుకుని వింటూ తినేవారు. గురువారానికి నలుగురైదుగురు. శుక్రవారం ఎవరూ వచ్చేవారు కాదు. ఎవరి ఇష్టప్రకారం వాళ్లు రోజులు ఎంచుకుంటే శుక్రవారం ఎవరికీ అక్కర్లేకపోయింది.

పెదనాన్న మాత్రం ఎనిమిదింటికే తలుపు తీసేవాడు. లైట్లు వేసేవాడు, ఏసీ వేసేవాడు, ఇరవై కుర్చీల మధ్య కూర్చునేవాడు. మొదటి శుక్రవారం వైర్లు సర్దాడు. రెండో శుక్రవారం అల్మరా అరలకి పేర్లు రాశాడు. మూడో శుక్రవారం ఇక చేయడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం ఏసీ ఆపేసి చూశాడు. ఆ నిశ్శబ్దం ఆయన వాటాలో ఉండేదే, ఏమీ తేడా లేదు. దానికోసం ఇంత కరెంటు కాల్చడం దేనికనిపించింది.

సోమవారం ఆయనే మేడమ్ దగ్గరికి వెళ్లాడు. "శుక్రవారాలు మూసేద్దామమ్మా. దండగ ఖర్చు."

"మరి మీరు?"

"నేనూ ఇంట్లోనే ఉంటాను. ఏదైనా పనుంటే ఫోన్ చేయండి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "సరే పెదనాన్నగారూ" అంది.

ఆ శుక్రవారం ఆయన ఎనిమిదింటికి స్నానం చేసి, చొక్కా వేసుకుని, వెళ్లడానికి చోటు లేక మంచం మీద కూర్చున్నాడు. పది దాటాక గోడ అవతల నుంచి ఏదో టకటకమని మొదలైంది. ఆగుతోంది, మళ్లీ సాగుతోంది. ఏదైనా పైపు కొట్టుకుంటోందేమోనని వంటగదిలో చూశాడు, స్నానాలగదిలో చూశాడు. చివరికి వరండాలోకి వచ్చాడు. పక్క వాటా తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఒక ముసలాయన కుట్టుమిషను ముందు కూర్చుని ప్యాంటు కాలు మడత కుడుతున్నాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు టైలరు, తల ఎత్తకుండానే.

"ఎవరూ కాదండీ. పక్క వాటాలో ఉంటాను."

టైలరు మిషను ఆపి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. "కొత్తగా దిగారా?"

"ఏడాదిన్నర అయింది."

"ఏడాదిన్నరా! ఎప్పుడు చూసినా తాళమే కదండీ. ఎవరో సామాను పెట్టుకుని వెళ్లిపోయారనుకున్నా."

"సామానే అనుకోండి" అన్నాడు పెదనాన్న.

టైలరు పెద్దగా నవ్వాడు. ఆయనకీ నవ్వొచ్చింది. "లోపలికి రండి. ఆ గుడ్డలు పక్కకి తోసి కూర్చోండి, పర్లేదు" అన్నాడు టైలరు. కుడుతూనే ఆ భవనంలో పగలు ఏమేం జరుగుతుందో చెప్పుకొచ్చాడు. కింద వాటా నర్సు రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడు పడుకుంటుందట, అందుకని మిషను పదికి ముందు తొక్కడట. పైవాటా పిల్లలు మూడింటికి బడి నుంచి వచ్చి మెట్లన్నీ అదరగొడతారట. ఈ మనుషులెవర్నీ పెదనాన్న ఎప్పుడూ చూడలేదు. ఆఫీసు శుక్రవారాలు మూసేశారని తనూ చెప్పాడు.

పన్నెండింటికి ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చింది. ఆయన లేచాడు.

"ఇక శుక్రవారాలు ఇంట్లోనే ఉంటారా?" అన్నాడు టైలరు, టేపు మెళ్లో వేసుకుంటూ.

"ఉంటాను."

"సరే అయితే" అని టైలరు ఆవిడ వైపు తిరిగాడు.

పెదనాన్న తన వాటాకి వచ్చి తలుపు వేయబోయి, వేయకుండా వదిలేశాడు. ఒంటి గంటకి మంచం మీదే కూర్చుని తిన్నాడు. గోడ అవతల మిషను సాగుతూనే ఉంది. మూడింటికి పిల్లలు నిజంగానే మెట్లు అదరగొట్టారు. ఒకడు తెరిచి ఉన్న తలుపులోంచి తొంగిచూసి, "ఇందులో ఎవరో ఉన్నార్రా" అని అరుస్తూ పైకి పరిగెత్తాడు. ఆరింటికి మిషను ఆగింది. మళ్లీ మొదలవుతుందేమోనని ఆయన కాసేపు చూశాడు. తర్వాత లేచి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాడు.