వధువు తండ్రి

తండ్రి ఒక్కడే ఉండాలి. ఆయన పోయాడని దరఖాస్తులో రాశాక, మళ్లీ పెళ్లి ఫోటోలో పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చోకూడదు. కెనడా వీసా ఆఫీసువాళ్లు అడిగింది ఇంతే. అడగడంలో తప్పేమీ లేదు. తప్పంతా రశ్మిదే.

ఆబిడ్స్‌లో ఓ మూడో అంతస్తు గదిలో, వీసా కాగితాలు చూసే ఫణికుమార్ వాళ్లు పంపిన ఉత్తరాన్ని తెలుగు చేసి చెప్పాడు. "మీ నాన్నగారు పదహారేళ్ల క్రితమే పోయారని ఫారంలో ఉందండీ. నాలుగో ఫోటో కింద మాత్రం 'వధువు తండ్రి' అని మీరే రాశారు. మరి ఈయనెవరని అడుగుతున్నారు. మనం చెప్పింది నమ్మకపోతే పెళ్లే అబద్ధమని రాసేస్తారు. తర్వాత ఐదేళ్లు మళ్లీ అడగడానికి వీల్లేదు."

జవాబివ్వడానికి ముప్పై రోజుల గడువు. అందులో ఇరవై అప్పుడే అయిపోయాయి. పక్కన కూర్చున్న రవికిరణ్, రశ్మి భర్త, కెనడాలో ఓ గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఈ ఉత్తరం కోసమే సెలవు పెట్టుకుని వచ్చాడు, ఎల్లుండే తిరుగు ప్రయాణం. పెళ్లయి పదకొండు నెలలైనా ఇద్దరూ ఒక్కచోట ఉన్నది ముప్పై ఏడు రోజులు.

ఫోటోలో ఉన్నది వామన్‌రావు. రశ్మి మొదటి భర్త శ్రీహరికి తండ్రి. కరోనా రెండో ఏడు శ్రీహరి దవాఖానలో పోయాక రశ్మి పుట్టింటికి వెళ్లలేదు. వెళ్లడానికి అక్కడ అమ్మా నాన్నా లేరు, అన్న ఉన్నా లేనట్టే. నాంపల్లిలో అత్తమామల దగ్గరే ఉండి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ రోజులు నెట్టుకొచ్చింది. శ్రీహరి పిలిచినట్టే మామను 'బాపు' అని పిలవడం మొదటినుంచీ అలవాటు.

రవికిరణ్ సంబంధం చూసింది ఆ బాపే. అతనిదీ రెండో పెళ్లే, మొదటామె విడాకులు తీసుకుంది. తీరా ముహూర్తం పెట్టుకున్నాక కన్యాదానానికి రానని అన్న మొండికేశాడు. ఒకసారి దానమిచ్చిన పిల్లను మళ్లీ ఎట్లా ఇస్తారని పురోహితుడు నసిగాడు. వామన్‌రావుకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆళ్ల నాయిన మాకిచ్చిండు. ఇచ్చినంక మా పిల్లనే గదా పంతులూ! మా పిల్లను మేమిస్తం, నడ్మ నీకేంది?" అన్నాడు. భార్య అహల్య నీళ్లు పోస్తుంటే, కొడుకు పోయిన దుఃఖం దిగమింగుకుని రవికిరణ్ కాళ్లు కడిగాడు. ఆ ఫోటో కింద ఏం రాయాలా అని రశ్మి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఉన్నదున్నట్టు రాస్తే?" అని అడిగిందిప్పుడు.

ఫణికుమార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మొదటి మామగారే దగ్గరుండి రెండో పెళ్లి చేశాడంటే మనవాళ్లే నమ్మరమ్మా, ఎక్కడో కూర్చున్న ఆఫీసరు నమ్ముతాడా? కోడల్ని దేశం దాటించడానికి ఆడిన నాటకమంటాడు. ఆయన దూరపు బంధువు, ఫోటో కింద పొరపాటున అలా పడింది అని ఆయన చేతే అఫిడవిట్ ఇప్పించండి. గొడవ వదిలిపోతుంది." కాగితం కూడా తీసి చేతిలో పెట్టాడు. ఇలాంటివాళ్ల దగ్గర అబద్ధం అచ్చు వేసి సిద్ధంగా ఉంటుంది, పేర్లు నింపుకోవడమే తరువాయి.

వామన్‌రావును నాంపల్లి కోర్టు దగ్గరికి రమ్మని ఫోన్ చేసి, ఇద్దరూ నడుస్తూ బయల్దేరారు.

"ఒక్క మాటే గద రశ్మీ," అన్నాడు రవికిరణ్. "ఆయన నీకేమైతడో మనకెరుకనే. కాయితం మీద ఏముంటే ఏంది?"

"మీకది కాయితమే. నేను ఆయన చేతి బువ్వ తిన్నదాన్ని. జ్వరమొస్తె రాత్రంత కూసున్నడు. గసుంటాయన్ని దూరపు బంధువని నేనెట్లంట?"

"ఐదేండ్లు! నీకిప్పుడే ముప్పై ఎనిమిది. అప్పటిదాంక ఫోన్లనే సంసారం జేద్దమా?"

పిల్లలు కావాలని రశ్మికీ ఉంది. వయసు ఎవరి కోసమూ ఆగదు. మొజంజాహీ మార్కెట్ ముందు ఐస్‌క్రీం తింటున్న కుటుంబాలను దాటుకుంటూ ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నడిచారు.

వామన్‌రావు వాళ్లకంటే ముందే వచ్చి, అఫిడవిట్లు టైపు చేసే బీరయ్య దుకాణంలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో తన సొంత కలం పెట్టుకుని వచ్చాడు. రశ్మి నోరు తెరవకముందే, "రవికిరణ్ అంత ఫోన్ల జెప్పిండు బిడ్డా, ఫికర్ జెయ్యకు. ఏం రాసినా దస్తఖత్ వెడ్త. నీ పని గావాలె, గంతే," అన్నాడు.

రికార్డు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. చదవకుండా దేని మీదా సంతకం పెట్టడు, ఎవరినీ పెట్టనివ్వడు. కాగితం అందుకుని ఇంగ్లీషును తెలుగు చేసుకుంటూ పైకే చదివాడు. "వామన్‌రావు అనబడే నేను... రశ్మి అనే ఆమెకు... దూరపు బంధువును మాత్రమే. ఆమె పెండ్లితోని నాకు... ఏ సంబంధం..."

అక్కడ ఆగాడు. మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు. మళ్లీ అదే ముక్క దగ్గరికి వచ్చి మళ్లీ ఆగాడు. "బాగనే రాసిండు," అంటూ కలం మూత తీశాడు. ఈ పాపం నాదే అనుకుంది రశ్మి. వద్దని చెయ్యి చాపబోయి, భర్త ముఖం చూసి వెనక్కి తీసుకుంది.

రవికిరణ్ ముందుకు వంగి, ముసలాయన చేతికింద నుంచి కాగితం మెల్లగా లాగేసుకున్నాడు.

"ఇది వద్దు. వేరేది కొట్టు," అన్నాడు బీరయ్యతో.

బీరయ్య కొత్త పేజీ తెరిచాడు. "పెద్దమనిషి పేరు జెప్పుండ్రి. మీకేమైతడు?"

"నాకు పిల్లనిచ్చిన మామ."

రవికిరణ్ వరసగా చెప్పుకుపోయాడు. ఈయన కొడుకు పోయిండు. కోడల్ని బిడ్డలెక్క సాదిండు. నన్ను వెతికి, నా కాళ్లు గడిగి, నాకిచ్చిండు. 'వధువు తండ్రి' అని రాసింది పొరపాటు గాదు.

వామన్‌రావు కంగారుగా లేచి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దు నాయినా, నా మాటిను. ఆళ్లు నమ్మరు. వీసా ఇయ్యకుంటే ఎట్ల? పిల్ల బతుకు ఆగమైతది."

"ఇయ్యకుంటే నేనే మర్లొస్త మామయ్యా. అక్కడ జేసే పని ఈడ దొరకదా?"

"లక్షణమైన నౌకరి ఇడిసిపెట్టుకుని వస్తవా?"

"వస్త. మీరు కూసోండ్రి."

ఆ మాట ఊరికే అన్నది కాదని రశ్మికి తెలుసు. కెనడాలోనే ఉండిపోవడానికి పర్మినెంటు కాగితాలను తొమ్మిదేళ్లు చలిలో నిలబడి సంపాదించుకున్నాడు. దారిపొడుగునా తనతో కొట్లాడిన మనిషి, ఆ తొమ్మిదేళ్లనూ ఇప్పుడు తీసి ఈ బల్ల మీద పెట్టాడు.

బీరయ్య కాగితం తీసిచ్చాడు. రవికిరణ్ తన సంతకం పెట్టి, ఇదంతా నిజమేనని కింద సాక్షి సంతకానికి మామకు అందించాడు. వామన్‌రావు ఈసారి పైకి చదవలేకపోయాడు. లోపలే చదువుకున్నాడు. 'పిల్లనిచ్చిన మామ' అన్నచోట వేలు పెట్టి మళ్లీ చదివాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, రికార్డు ఆఫీసులో పెట్టినట్టే పూర్తి పేరుతో, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

వీసా వస్తుందో రాదో ఎవరికి తెలుసు? రశ్మి రవికిరణ్ పక్కకు జరిగి, మామ చూస్తున్నాడన్నది కూడా పట్టించుకోకుండా అతని చెయ్యి పట్టుకుంది. పీటల మీద ఆ చేతిలో చెయ్యి పెట్టినప్పుడు ఆమె మనసులో శ్రీహరే ఉన్నాడు. ఈసారి లేడు.