సాక్ష్యం చెప్పాక

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు దేవరాజు పొడవాటి కర్రకున్న గుండ్రటి అద్దాన్ని జాన్సన్ గారి కారు కిందికి పోనిచ్చాడు. అందులో ఇంజను నలుపు పక్కన తన ముఖమే కనబడింది. చెమట పట్టి పాలిపోయి ఉంది.

"వందనాలు బ్రదర్! ప్రభువు బాగుచేసిన గుండె ఎట్లా ఉంది?" ఆ ఆఫీసులోనే పనిచేసే చర్చి సంఘపెద్ద జాన్సన్ నవ్వాడు.

"స్తోత్రమండీ. బాగుంది."

కారు లోపలికి వెళ్లింది. దేవరాజుకి ఎడమచెయ్యి బరువెక్కుతోంది. తెలంగాణ బంద్ వల్ల బస్సుల్లేక మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా నడిచే వచ్చాడు.

"ఏందన్నా గిట్ల చెమటలు? మావోళ్ల ర్యాలీకి భయమా?" తోటి గార్డు మొగిలి ఆటపట్టించాడు. "ఫికర్ చెయ్యకు, నిన్ను గేటెనక దాస్త."

"ఎండ, మొగిలీ."

ఎండ కాదు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని నర్సుగా పనిచేసే భార్య విమల అతని జేబులో మాత్రల షీటు పెట్టింది. కాని పోయిన ఆదివారం, ప్రార్థనతో గుండెనొప్పి పోయిందని దేవరాజు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాడు. ఆ పూట నిజంగానే పోయింది. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఇప్పుడు మాత్ర వేసుకుంటే దేవుడి స్వస్థతను కాదన్నట్టేనని అతని భయం.

మధ్యాహ్నం, కొత్త ఉద్యోగులకు ఇంగ్లీషు నేర్పే శ్రావణి క్యాబ్ కోసం గేటు దగ్గర కూర్చుని మడమ నొక్కుకుంది.

"కొత్త షూస్ అన్నా, ఒకటే పెయిన్. ఆ మాటకు మూలమైన లాటిన్ మాటకు అర్థం శిక్ష. మొదట్లో ఇంగ్లీషులోనూ పెయిన్ అంటే శిక్షే. ఈ షూస్ కొన్నందుకు నాకు పడినట్టుంది!"

ఆమె వెళ్లిపోయింది. దేవరాజు చెయ్యి ఛాతీ మీదికి పోయింది. శిక్షా? తొందరపడి సాక్ష్యం చెప్పినందుకా? కాని నొప్పి అంతకు ముందే వచ్చిందే! మరి ఏ తప్పుకు, ప్రభువా? అలా అడగడమే ఇంకో తప్పేమోనని పెదవులు బిగించాడు.

సాయంత్రం విమల ఫోన్ చేసింది.

"మాత్ర వేసుకున్నారా?"

"నొప్పి లేదుగా."

"ఉందని మీ గొంతే చెబుతోంది. మాత్ర కూడా ఆయనిచ్చిందేనండీ!"

ఆ మాటకు గుండెల మీది బరువు కాస్త జరిగినట్టయింది. షీటు బయటికి తీశాడు. వెనక హారన్ మోగింది. ఇంటికి వెళుతూ జాన్సన్ కారు అద్దం దించాడు.

"వచ్చే ఆదివారం కూడా నీ సాక్ష్యం చెప్పాలి బ్రదర్!"

"అలాగేనండీ." షీటున్న పిడికిలి బిగించి వీపు వెనక దాచాడు.

కారు వెళ్లాక కుర్చీలో కూలబడ్డాడు. మొగిలి టీ తెచ్చేసరికి తల వాలి ఉంది.

"అన్నా, చాయ్ సల్లారుతది. లే." భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. "అన్నా!"

చెయ్యి ఒళ్లోంచి జారింది. వేళ్లు విడి మాత్రల షీటు నేల మీద పడింది. నలిగి వంకరపోయింది గాని, అందులో ఒక్క మాత్రా తీసి లేదు.