‘లేదు’ అనకుండా మూడు నిమిషాలు

ఉప్పలగుప్తం మండలం మొత్తం మీద నర్సు సుందరితో వాదించి గెలిచిన మనిషి ఇంతవరకు లేడు. ఇంజెక్షన్ వద్దని మొరాయించే వస్తాదులు కూడా ఆవిడ నోరు విప్పితే చొక్కా చెయ్యి పైకి మడిచేస్తారు. అలాంటి సుందరి అమలాపురంలో రెండు రోజుల శిక్షణకు వెళ్లి, మొదటి రోజే పదకొండు సెకన్లలో ఓడిపోయింది.

ఎవరికీ వినపడని గొంతులు వినేవాళ్లతో, ఎవరో తమ మీద పగబట్టారని నమ్మేవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ అది. డాక్టరు శారోన్ గారు చెప్పింది వినడానికి సులువే.

"మందులు మందులేనండి. మాటల దగ్గరికొస్తే, అవునని తలూపొద్దు, లేదని వాదించొద్దు. అడగండి. ఏం వినపడుతుంది, ఎప్పుడు, విన్నాక మనసుకి ఎలా ఉంటుంది. మూడు నిమిషాలు 'లేదు' అనకుండా మాట్లాడండి, చూద్దాం."

రోగి వేషం ఫార్మసిస్టు గోపీకృష్ణది. "రేడియోలో నా గురించే చెప్తున్నారండీ," అన్నాడు దీనంగా.

"లేదండీ, మీ గురించి రేడియోలో ఎవరు చెప్తారండీ," అంది సుందరి.

గదంతా గొల్లున నవ్వింది. రెండోసారి ఇరవై సెకన్లు. మూడోసారి పళ్లు బిగబట్టింది గానీ, తల దానంతటదే అడ్డంగా ఊగింది.

అందరితోపాటు తనూ నవ్వింది. లోపల మాత్రం చివుక్కుమంది. ఇంట్లో అన్నయ్య గంగబాబు ఉన్నాడు. మస్కట్ నుంచి వచ్చినప్పటి నుంచీ, పక్క రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరిగితే చాలు, వాటిలోంచి తనను తిడుతున్నారంటాడు. మాత్రలతో కాస్త తగ్గింది గానీ పోలేదు. "అది మోటారు చప్పుడు, మాటా లేదు మన్నూ లేదు" అని సుందరి రోజూ వాదించింది, రోజూ గెలిచింది. చివరికి అన్నయ్య ఆమెతో మాట్లాడటమే మానేశాడు. నెల దాటింది. ఆ మౌనం ఆమెకు కంటినిండా నిద్ర లేకుండా చేస్తోంది.

రెండో రోజు సాయంత్రం బస్సు దిగి, నేరుగా వెళ్లి అరుగు మీద అన్నయ్య పక్కన కూర్చుంది. ఏరియేటర్లు తిరుగుతున్నాయి.

"ఏమంటున్నాయి అన్నయ్యా?"

గంగబాబు అనుమానంగా చూశాడు. వాదన వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు.

"'వీడి వల్ల వీధిలో తలెత్తుకోలేకపోతున్నాం' అంటున్నాయి."

'లేదు' నోటిదాకా వచ్చింది. అంతలోనే సుందరి ఆ మాటను గుర్తుపట్టింది. పొల్లుపోకుండా అది తన మాటే. ఉగాది ముందు వంటింట్లో నిలబడి, ఫోనులో పిన్నితో అన్నది. అన్నయ్య పక్క గదిలోనే ఉన్నాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"చెరువులో మాటలు నాకు వినపడట్లేదన్నయ్యా," అంది మెల్లగా. "కానీ ఆ మాట నాదే. పిన్నితో అనేసేను. తప్పు చేసేను."

గంగబాబు చెరువు మీంచి చూపు తిప్పి చెల్లెలి వైపు చూశాడు.

"అయితే ఆ ఒక్కటీ నేను నిజంగా విన్నదే."

"నిజంగా విన్నదే."

అతని భుజాలు కాస్త దిగాయి. అడిగాడు. "అమలాపురంలో ఏం నేర్పేరే?"

"నోరు మూసుకోడం."

"ఎన్ని రోజులు?"

"రెండు."

"నీకు చాలవే," అన్నాడు గంగబాబు.

సుందరి లేదనలేదు.